గండిపేట దారిలో రెండు వందల గజాలు

మా ఆవిడకు హైదరాబాదులో సొంత ఇల్లు ఉండాలన్న కోరిక ఈనాటిది కాదు. పెళ్ళయిన కొత్తలో చార్మినారు చూపిద్దామని తీసుకువెళ్ళాను. తల యెత్తి ఒక్కసారి చూసి, బాగుందన్నది. తిరుగు ప్రయాణంలో మాత్రం హయత్‌నగర్ దాటేదాకా బస్సు కిటికీలోంచి ముఖం ఇటు తిప్పలేదు. ఏం చూస్తున్నావని అడిగితే "ఖాళీ స్థలాలు" అన్నది.

ఇరవయ్యేళ్ళు గడిచాయి. ఆ స్థలాల్లో ఒకటీ ఇప్పుడు ఖాళీగా లేదు. ఆవిడ కోరిక మాత్రం అలాగే ఉన్నది. పైగా మా అమ్మాయి ఇంజనీరింగు చదువుకు వచ్చింది. నల్లగొండలో తెలుగు పాఠాలు చెప్పుకునే నా జీతానికి హైదరాబాదులో గజం నేలంటే, ప్రబంధ నాయిక నడుము వంటిది. ఉన్నదని వింటాం గాని, కంటికి ఆనదు.

అటువంటి సమయంలో మా ఊళ్ళో తెలిసినాయన ఒకరు, గండిపేట అవతల మొయినాబాదు మండలంలో 200 గజాల ప్లాటు, గజం 12,000 చొప్పున ఇప్పిస్తానన్నాడు. మా మామగారు ఆవిడ పేర పెట్టిన పొలం అమ్మగా వచ్చిన డబ్బు బ్యాంకులో ఉన్నది. నాతో ఒక మాట అన్నదో లేదో, లక్ష రూపాయలు బయానా ఇచ్చేసింది. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి స్థలం చూసుకుని, తక్కిన సంగతి మాట్లాడుకోవాలని ఏర్పాటు.

స్థలం కంటె ముందు మా చిన్నాయనను చూద్దామన్నాను నేను. నల్లకుంటలో ఉంటాడాయన. 1975లో పుట్టి, 2008లో హెచ్.ఎం.డి.ఏ.గా మారిన 'హుడా'లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నగరం మ్యాపుకు రంగులు వేయడం ఆయన ఉద్యోగం. ఇళ్ళు రావలసిన చోట పసుపు, పొలాలూ తోటలూ ఉండవలసిన చోట ఆకుపచ్చ, ఫ్యాక్టరీలకు ఊదా. నా చిన్నతనంలో ఆయన మా ఊరికి వస్తే చేతి గోళ్ళ చుట్టూ ఏదో ఒక రంగు ఉండేది. ఆ రంగులో ఎవరి ఎకరాలున్నాయో అప్పుడు నాకేం తెలుసు!

మా బస్సు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కు చేరేసరికి సాయంత్రమైంది. పాతవాళ్ళు ఇప్పటికీ దాన్ని ఇమ్లీబన్ అనే అంటారు. ఇమ్లీబన్ అంటే చింతల తోపు. మూసీ పాయల మధ్య లంక అది. 2025 సెప్టెంబరు చివర ఎగువన గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే, మూసీ పొంగి ఈ బస్టాండులోకే వచ్చింది. అంత పెద్ద బస్టాండులో ప్రయాణికులు రాత్రివేళ నీళ్ళ మధ్య చిక్కుకుపోయారు. ఆ సంగతి పేపర్లో చదివినప్పుడు మా ఆవిడ "అయ్యో పాపం" అన్నది. మన ప్లాటుకూ ఆ నీళ్ళకూ సంబంధం ఉన్నదని ఆవిడకూ తోచలేదు, నాకూ తోచలేదు.

మరునాడు పొద్దున్నే చిన్నాయన చేతికర్ర తీసుకుని బయల్దేరదీశాడు. "ప్లాటు ఎక్కడికీ పోదు. ముందుగాల ఒక చెట్టును చూపిస్త, రండి" అన్నాడు.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది ఆ చెట్టు. ముసలి చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు ఈ చెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. దక్కనివాళ్ళు పదిహేను వేల దాకా ఉంటారని చెబుతారు. చిన్నాయన మొదలు మీద చెయ్యి వేసి, పాఠం చెప్పే ధోరణిలో కాదు గాని, ఇంట్లో జరిగిన సంగతి చెప్పినట్టే చెప్పాడు. ఆ మరుసటి యేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ఊళ్ళో కూర్చుని గోడలెంత యెత్తు కట్టాలా అని చూడలేదు. నది పైకి వెళ్ళి చూశాడు. మూసీలోకి నీళ్ళు వదిలే నేల మీద 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయని లెక్క తేలింది. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి మరోదాని మీద పడటం! వరద నదిలో పుట్టలేదు, నేల మీద పుట్టింది. అందుకని ఊరికి ఎగువన రెండు జలాశయాలు కట్టించాలన్నాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. మనం గండిపేట చెరువు అనేది దాన్నే. ఈసా నది మీద హిమాయత్‌సాగర్ 1927లో అయింది.

"చెరువంటే కట్ట లోపలి నీళ్ళే అనుకుంటరు అందరు. ఆ నీళ్ళు నడిచి వచ్చిన భూమి గూడ చెరువే" అన్నాడు చిన్నాయన.

మా ఆవిడ ఏమీ అనలేదు. చెట్టు కింద రాలిన చింతకాయ ఒకటి తీసి పమిట కొంగున ముడివేసుకున్నది.

అక్కడి నుంచి నయాపూల్ మీదుగా పత్తర్‌గట్టికి నడిచాము. అది చూసి తీరవలసిన వీధి. వరద తరువాత, ప్లేగు తరువాత, 1912లో నగరాభివృద్ధికి ఒక బోర్డు ఏర్పడ్డది. ఇరుకు సందులు కొట్టి వీధులు వెడల్పు చేసింది, ఇళ్ళు కట్టించింది. ఆ బోర్డు చేతి పనే పత్తర్‌గట్టి. వీధికి ఇరువైపులా రాతి కమానులు, వాటి వెనుక నడవ, నడవ వెనుక దుకాణాలు. ఒకదాని కొకటి పోలిక తప్పదు. ముత్యాలమ్మే షావుకారైనా, చీరలమ్మే షావుకారైనా తన కొట్టు లోపల తన ఇష్టం, వీధికి చూపే ముఖం మాత్రం అందరిదీ ఒకటే. ఇప్పుడు బోర్డుల మీద బోర్డులు, తీగల మీద తీగలు పడి కమానులు సగం కనిపించవు. నీడన నడవడానికి కట్టిన నడవలో నడవడానికి చోటు లేదు. అయినా బోర్డుల సందున ఒక కమాను, దాని పక్కన మరో కమాను అదే యెత్తులో కనబడుతుంటే, నియమం అన్నది కంటికి ఇంపుగా కూడా ఉండవచ్చునని నాకు మొదటిసారి అనిపించింది. నేను వ్యాకరణం చెప్పేవాణ్ణి గనుక అలా అనిపించిందేమో.

జోనింగు అనే మాట అమెరికానుంచి వచ్చిందట. న్యూయార్కులో ఒక ఆకాశ హర్మ్యం పక్క వీధులన్నిటికీ ఎండ తగలకుండా చేస్తే, 1916లో ఎక్కడ ఏమి కట్టాలో, ఎంత యెత్తు దాటితే గోడ వెనక్కు జరగాలో చట్టం చేశారు. అయితే మాట కొత్తదేగాని, పని కొత్తది కాదు. మా ఊళ్ళోనూ కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి ఊరి అంచునే ఉండేవి. నిప్పు భయం. చాకిరేవు తాగునీటికి కిందివైపు. వల్లకాడు మరో దిక్కు. ఇవన్నీ తెలివిగల గీతలు. కాని మా ఊళ్ళోనే మరొక గీత కూడా ఉండేది. కొందరు మనుషుల ఇళ్ళే ఊరి బయట ఉండాలన్న గీత. ఆ గీత గీసినవాళ్ళూ ఊరి మేలుకే అన్నారు. అంచేత ఎవరైనా మ్యాపు మీద గీత గీసి, ఇది మీ అందరి మేలుకే అన్నప్పుడు, గీతకు అవతలి పక్క ఎవరున్నారో చూడబుద్ధవుతుంది నాకు.

ఆ చూసే అవకాశం మధ్యాహ్నానికే వచ్చింది.

వెంచరువాళ్ళు కారు పంపించారు. కారూ ఉచితం, భోజనమూ ఉచితం. చిన్నాయన ముందు సీట్లో కూర్చున్నాడు. మెహిదీపట్నం దాటి గండిపేట దారి పట్టాక, ఎడమా కుడీ మేడలే. మామూలు మేడలు కావు, కారులో కూర్చుని మెడ ఎంత వంచినా కొస కనబడని మేడలు. బొంబాయి, మద్రాసు వంటి చోట్ల స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలని ఒక లెక్క ఉంటుంది, ఎఫ్.ఎస్.ఐ. అంటారు. అది 2 అయితే, 200 గజాల స్థలంలో అంతస్తులన్నీ కలిపి 400 గజాలకు మించరాదు. హైదరాబాదులో 2006 నియమాలతో ఆ లెక్క తీసేశారు. 2012 నియమాలూ అదే బాటన నడిచాయి. వీధి ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలావు అన్నదే ఇక్కడ ప్రశ్న. ఆ రెండూ కుదిరితే మేడకు ఆకాశమే హద్దు. ఇదే వైపున కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ అంకె చెప్పి చిన్నాయన వెనక్కు తిరిగి మా ఆవిడను చూశాడు.

"అందుకే మామయ్యా, ఇప్పుడు కొనకపోతే మరెప్పుడూ కొనలేము" అన్నదావిడ.

గండిపేట కట్ట మీద కొంచెంసేపు ఆగాము. మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్ళు, ఫోటోలు దిగే పిల్లలు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఈ నీళ్ళకు ఒక సుగుణమున్నది. నగరం కన్నా ఎత్తున ఉండటంచేత మోటారు తోడకుండానే ఆసిఫ్‌నగర్ దాకా దొర్లిపోయేవి. ఇప్పుడు నగరం దాహం పెద్దదై, మంజీర చాలక, కృష్ణ, గోదావరి నీళ్ళను ఎంతో దూరం నుంచి పంపులతో తెస్తున్నారు.

ఈ రెండు చెరువుల కోసమే 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు రాకూడదు. 84 గ్రామాలు, సుమారు 1,32,000 ఎకరాలు. అందులో నూటికి తొంభై పాళ్ళు పొలాలూ తోటలుగానే ఉండాలి. ఊరి నివాసపు హద్దుల్లో లేఅవుటు వేసినా, నూటికి అరవై పాళ్ళు దారులకూ ఖాళీలకూ వదలాలి. కట్టేది ప్లాటులో సగం విస్తీర్ణానికి మించరాదు. అంటే 200 గజాల వాడికి అన్ని అంతస్తులూ కలిపి 100 గజాలు! ఇక్కడ ఒక నూనె పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇస్తే, 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది.

వెంచరు ముఖద్వారం సినిమా సెట్టులా ఉన్నది. రంగు జెండాలు, సిమెంటు ఏనుగులు. లోపల ఎర్రమట్టి దారులు, సున్నం వేసిన హద్దురాళ్ళు, రాయికొక కొబ్బరి మొక్క. మా ఆవిడ తన నంబరు రాయిని వెతుక్కుని, రాళ్ళ మధ్యన నిలబడి తూర్పు ఎటో చూసుకున్నది. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ తులసి కోట అని నాకు చూపించింది. ఇరవయ్యేళ్ళలో ఆవిడ ముఖం అలా వెలగడం మూడో నాలుగో సార్లు చూశాను. నాకు గొంతుకలో ఏదో అడ్డుపడింది.

చిన్నాయన ఏజెంటును పక్కకు పిలిచి అడిగాడు. "లేఅవుట్ పర్మిషన్ నంబరు ఎంత బాబూ?"

"జీవో ఎత్తేసిండ్రు గద సార్!"

"ఎత్తేసిన కాయితం నేను గూడ చదివిన. పర్మిషన్ నంబరు చెప్పు."

2022 ఏప్రిల్ 12న 69వ నంబరు ఉత్తర్వు వచ్చిన మాట నిజమే. పాత ఆంక్షలు తీసేస్తున్నామన్నది. కాని చెరువుల నీటి నాణ్యతకు ఏ విధంగానూ భంగం రాకూడదని షరతు పెట్టి, ఎలాగో తేల్చడానికి కమిటీ వేసింది. తరువాత ప్రకటనలు, కోర్టు వ్యాజ్యాలు. ఏజెంటు మొదటి వాక్యం చదివి ఆపేశాడు. మా విద్యార్థులు కూడా ప్రశ్నపత్రాన్ని ఇలాగే చదువుతారు.

చివరికి తేలిందేమిటంటే, అనుమతి లేదు. ఇరవై మంది కలిసి ఎకరం పొలం కొన్నట్టు కాగితం రాయిస్తారు. ఎవరి రాళ్ళు వాళ్ళవి, నమ్మకం మీద. చిన్నాయన జేబులోంచి పెన్సిలు తీశాడు. ఎకరానికి 4,840 గజాలు. ఇరవై ప్లాట్లకు 4,000 పోతే దారులకు మిగిలింది 840. వదలవలసింది దాదాపు 2,900. "కొబ్బరి మొక్కలు మటుకు మంచిగున్నయి" అని పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

మా ఆవిడ అదంతా వింటూనే ఉన్నది. రాళ్ళ మధ్య నుంచి కదలలేదు.

కంచె అవతల గులాబీ తోట. రైతు ఒకాయన పూలు కోస్తున్నాడు. మంచినీళ్ళడిగితే తెచ్చిచ్చాడు. మాటల్లో, ఆయనకు మూడెకరాలున్నాయనీ, బిడ్డ పెళ్ళికి ఎకరం అమ్మబోతే ఆంక్షలున్న భూమి అని ధర రాలేదనీ చెప్పాడు. "ముప్పై ఏండ్లాయె సార్. చెరువు అటు దిక్కున్నోడు కోటీశ్వరుడయిండు, నేను గులాబీలు కోస్తున్న. నీళ్ళు మీ పట్నపోళ్ళు తాగిండ్రు. కట్టుబడి మాకు పెట్టిండ్రు. తప్పని అంట లేను. మాకేమన్న ఇయ్యాలె గద?"

ఇదీ గీతకు అవతలి పక్క. చిన్నాయన దీనికి జవాబు చెబుతాడేమోనని చూశాను. ఆయన పూలబుట్ట వంక చూస్తున్నాడు. కింద ఉన్న నగరాన్ని కాపాడటానికి పైనున్న పొలం ఖాళీగా ఉండాలన్నది న్యాయం. ఖాళీగా ఉంచినందుకు ఆ పొలం ఆసామికి నగరం ఏదైనా చెల్లించాలన్నది అంతకంటె న్యాయం. మొదటిది మాత్రమే ఉత్తర్వులో ఉన్నది.

"మరి ఆ గోడలేమిటి?" అని మా ఆవిడ వేలు చూపింది. దూరాన ఎత్తయిన ప్రహరీలు, లోపల ఫామ్‌హౌసుల కప్పులు, ఇంకా అవతల ఒక ఫంక్షన్ హాలు. "అవి పసుపా, ఆకుపచ్చా మామయ్యా?"

"మ్యాపుల ఆకుపచ్చనే బిడ్డా" అన్నాడు చిన్నాయన.

"ఐతే నా రెండు వందల గజాలకే వచ్చిందా ఆ రంగు?"

ఎవరమూ మాట్లాడలేదు. ఉచిత భోజనం వద్దని చెప్పి వచ్చేశాము. కారు మాత్రం ఎక్కక తప్పలేదు.

రాత్రి నల్లకుంటలో చిన్నమ్మ వడ్డిస్తుంటే మా ఆవిడ వంటింట్లో నిలబడి అటూ ఇటూ చూసింది. తూర్పు గోడకు కిటికీ ఉన్నది, వెలుగు లేదు. పక్కవాళ్ళు అయిదంతస్తులు లేపారు. కిటికీ తెరిస్తే చేతికి వాళ్ళ గోడ తగులుతుంది. సెట్‌బ్యాక్ వదలలేదు. చిన్నాయన ఆ సంగతి మీద అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాడు. సరే, మా ఆవిడ చూస్తున్నది అది కాదు. వంటిల్లు వెనుక ప్రహరీకి అంటుకుని ఉన్నది.

"మామయ్యా, వెనక్కు ఎంత వదలాలి?"

చిన్నాయన నోట్లో ముద్ద ఆగింది. తరువాత నవ్వు ఆపుకోలేకపోయాడు. లేచి చెయ్యి కడుక్కుని, బీరువాలోంచి ఒక రసీదు తెచ్చాడు. 2007 చివర అనుమతి లేని కట్టడాలను జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం ఒకటి పెట్టారు. బి.పి.ఎస్. అనేవారు. అందులో తన వంటింటికి తానే జరిమానా కట్టిన రసీదు.

"మీ చిన్నత్త పోరు పడలేక కట్టిన. అప్పటికి నేను నౌకరీల ఉన్న. పొద్దంత ఆఫీసుల మంది ఇండ్లకు గీతలు గీసి, సాయంత్రం ఇంటికొచ్చి మేస్త్రీకి ఇటుకలందించిన" అన్నాడు.

"వాన వస్తే చూరు నీళ్ళన్నీ వెనక ఇంటివాళ్ళ వాకిట్లోనే పడతాయి. ఇరవయ్యేళ్ళ నించి ఆవిడ నాతో మాట్లాడదు" అన్నది చిన్నమ్మ, పులుసు వడ్డిస్తూ.

ఆ రాత్రి చాలాసేపు మా ఆవిడ నిద్రపోలేదు. కొంగు ముడి విప్పి చింతకాయ కిటికీ అంచున పెట్టింది. "వరద ఎప్పుడన్నారు, 1908లోనా?" అని అడిగింది. అవునన్నాను. "ఆ చెట్టెక్కినవాళ్ళకు ఇళ్ళుండే ఉంటాయి కదూ, నది పక్కన" అన్నది. ఉంటాయన్నాను. అటు తిరిగి పడుకున్నది.

పొద్దున కాఫీ తాగుతూ తనే ఫోను చేసి, ప్లాటు వద్దని చెప్పింది. బయానా తిరిగి రాదన్నారు. ఆవిడ గొంతు పెంచకుండా, లేఅవుట్ పర్మిషన్ నంబరు చెబితే వదిలేస్తానన్నది. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం.

సగం డబ్బు వారం రోజులకు బ్యాంకులో పడ్డది. తక్కిన సగం గురించి అడిగినప్పుడల్లా, మీటింగులో ఉన్నానంటాడు.